మూడు పేర్ల పడవ

షికారు 8,114వ రోజు

వినోదం: ఎండ కాచుకున్నాం. గాలి హాయిగా ఉంది.

పైన రాసింది విహార శాఖవాళ్ళ కోసం. విహార పడవలో రెండు కాయితాలు ఎప్పుడూ ఉండాలి. ఒకటి రిజిస్ట్రేషన్ పత్రం, రెండోది ఈ దినచర్య పుస్తకం. ప్రతి పుటలోనూ మొదటి గీత మీద ఆ రోజు పొందిన వినోదం రాయాలి. రాయకపోతే షికారు చెయ్యడం లేదన్నమాట, షికారు చెయ్యనివాళ్ళకి విహార పత్రం దేనికని అడుగుతారు. ఇన్నేళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరూ రెండో గీత మీదకి చూపు దించలేదు. అందుకని రెండో గీత నుంచి అడుగు దాకా నాది.

సముద్రం ఊళ్ళ మీదకి వచ్చిన ఏడాది దరఖాస్తు ఫారంలో రెండే గళ్ళుండేవి. చేపల వేట ఒకటి, విహారం ఒకటి. వేటని అప్పటికే మూసేశారు. దాంతో ఊళ్ళకి ఊళ్ళు విహారం గడిలో టిక్కు పెట్టాయి. ఆ లెక్కన మేం ఇరవై రెండేళ్ళుగా ఇంటికి పోకుండా షికారు తిరుగుతున్నాం.

గాలి హాయిగా లేదు. అత్తకి దగ్గు తగ్గలేదు. గవ్వకి కాలివేళ్ళ సందులు నీళ్ళలో నాని పుండ్లు పడ్డాయి, పసుపు పెడితే ఏడ్చింది. నేను పొద్దున్నే వెళ్ళి మూడు పడవలకి నెంబర్లు దిద్ది వచ్చాను. ఉప్పు తినేసిన అంకె చదవడానికి రాకపోతే పత్రం చెల్లదు కాబట్టి నాకు పనికి కరువు లేదు. మా రేవులో నూట నలభై పడవలున్నాయి, అన్నిటి పక్కలా ఉన్నది నా చేతిరాతే. పడవ నెంబరు, దాని కింద మనుషుల సంఖ్య. పని చేస్తే షికారు కాదని, ఆ రోజుల్లో మొదటి గీత మీద ‘చిత్రలేఖనం’ అని రాస్తుంటాను.

సాయంత్రం శాఖ లాంచీ వచ్చి మైకులో చెప్పి పోయింది. ఇరవై రోజుల్లో తనిఖీ. ఈసారి తలలు లెక్కపెట్టరట. చెవి తెస్తారట.

చెవి అంటే ఒక పెట్టె. దాన్ని పడవ గోడకి ఆనిస్తే లోపల ఎన్ని గుండెలు కొట్టుకుంటున్నాయో చెబుతుంది. చెక్కల కింద ఉన్నా, గోనెల కింద ఉన్నా దాని ముందు దాగడం కుదరదు.

మా పత్రంలో మూడు పేర్లున్నాయి. నా మొగుడు ఓలేటి కొండబాబు, నేను వీరవేణి, మా అత్త పేరంటాలు. పడవలో నలుగురం ఉన్నాం. నాలుగోది మా గవ్వ. ఆరేళ్ళు. షికారుకి ముగ్గురు బయల్దేరితే ముగ్గురే తిరిగి రావాలి తప్ప నలుగురు కాకూడదు. షికారులో పురుడు పోసుకునేవాళ్ళుంటారని ఆ పత్రం తయారుచేసిన మహానుభావుడికి తట్టలేదు.

ఇంతవరకూ తనిఖీ వచ్చినప్పుడల్లా గవ్వని అడుగు చెక్కల కింద, రోలు పక్కన పడుకోబెట్టేవాళ్ళం. షికారుకి వచ్చినవాళ్ళు రోలు తెచ్చుకోరు కదా, అందుకని దాన్నీ దాచాలి. పైన రంగు గొడుగు విప్పి, దాని కింద మేం ముగ్గురం నవ్వుతూ కూర్చునేవాళ్ళం. ఇక ఆ ఆట సాగదు.

షికారు 8,115వ రోజు

వినోదం: పక్క పడవవారితో కబుర్లు.

పక్క పడవ తాతబ్బాయి బావది. కొండబాబుకి పెదనాన్న కొడుకు. మా పడవకీ వాళ్ళ పడవకీ మధ్య ముప్పై గజాల నీళ్ళు. అతను ఒక కబురు తెచ్చాడు. ఉత్తరాన పై రేవులో పోయిన నెలే చెవితో తనిఖీ చేశారట. పత్రంలో లేని పిల్లలు పదకొండు మంది దొరికారు. వాళ్ళని మిగులు బార్జీ ఎక్కించి తీసుకెళ్ళిపోయారు. ఎక్కడికని అడిగితే మిగులు ఎక్కడ ఉండాలో అక్కడికి అన్నారట.

“పదకొండు మందిలో ఒక్కరి జాడా తెలీలేదు వేణమ్మా,” అన్నాడు బావ. “అందుకే ఒచ్చాను. మంగాయమ్మ పేరు ఖాళీగానే ఉంది.”

మంగాయమ్మ అతని భార్య. ఎనిమిది నెలల కిందట జ్వరంతో పోయింది. పోయిందని శాఖకి చెప్పలేదు. ఎవరూ చెప్పరు. షికారులో మనిషి పోతే దాన్ని ప్రమాదం కింద రాసి, విచారణ తేలేదాకా పత్రం లాక్కుంటారు. పత్రం లేని పడవని కట్టేస్తారు. అందుకని మా రేవులో పోయినవాళ్ళని నీళ్ళకి ఇచ్చేస్తాం, పేరుని మాత్రం పడవలోనే ఉంచుకుంటాం. ఆ పడవలో ఎవరైనా పుడితే ఆ పేరు ఎక్కుతారు. చివరి పడవలో పదేళ్ళ పిల్ల ఉంది, కాయితం ప్రకారం అది యాభై ఎనిమిదేళ్ళ వీర్రాజు. దాన్ని పిలిస్తే గొంతు బొంగురు చేసి ‘ఆయ్’ అంటుంది. తనిఖీవాళ్ళు ఫోటో అడగరు, ఆ హడావిడిలో ఎవరివీ ఫోటోలు తియ్యలేదు.

పేరు పడవకి కట్టుబడి ఉంటుంది. ఒక పడవ పేరుతో ఇంకో పడవలో ఉండటానికి వీల్లేదు. కాబట్టి గవ్వ మంగాయమ్మ అయితే ఇక జీవితమంతా తాతబ్బాయి బావ పడవలోనే ఉండాలి. చెవి ఇంకెప్పుడు వస్తుందో తెలియదు, చెప్పి రాదు కూడా.

“నా కూతుర్లా సూసుకుంటాను,” అన్నాడు.

అతను మంచివాడే. వండుకోవడం రాదు, పడవ అడుగున రెండు చోట్ల కారుతుంది, అయినా మంచివాడే. నేను ఇవ్వనన్నాను.

షికారు 8,118వ రోజు

వినోదం: కుటుంబ సభ్యుల మధ్య సరదా సంభాషణ.

కొండబాబు మామూలుగా రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. ఇవాళ ఆ కోటా పొద్దున్నే అయిపోయింది.

“ముప్పై గజాలేగదే. పిలిత్తే పలుకుద్ది.”

“పలకడానికా కన్నది? రాత్రి అది ఎవరి పక్కలో పడుకుంటుంది? జ్వరమొస్తే ఎవరు సూత్తారు?”

“బార్జీ ఎక్కితే ఎవరు సూత్తారు?”

కోపమొస్తే నేనేం చేస్తానో అదే చేశాను, గరిటె విసిరాను. నీళ్ళలో పడింది. ఉన్న ఒక్క గరిటె. షికారు పడవకి ఒక్క గరిటే అనుమతి.

అత్త చూసి, “ఇక రేపట్నించీ సేత్తో తిప్పు,” అని దగ్గుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గవ్వని ఇవ్వలేను. ఆరేళ్ళుగా అది నా పొట్టకి ఆనుకునే పడుకుంటుంది. దాని ఊపిరి తగలకపోతే నాకు నిద్ర పట్టదు. ఇది ప్రేమా, మొండితనమా అని ఎవరైనా అడిగితే రెండూ అంటాను, సిగ్గేం లేదు.

షికారు 8,121వ రోజు

వినోదం: చిత్రలేఖనం.

తనిఖీ భయంతో రేవంతా నా మీద పడింది. పొద్దుటి నుంచి పదహారు పడవలకి అంకెలు దిద్దాను. ఇవాళ మంచినీళ్ళ రోజు కూడా. నెలకోసారి, మిగిలిన నేల చుట్టూ కట్టిన గట్టు దగ్గర లాకు తెరిచి గొట్టంతో నీళ్ళు వదులుతారు. నేను వెళ్ళలేక అత్తని తాతబ్బాయి బావతో డబ్బాలిచ్చి పంపాను.

లాకు గోడ మీద ఒక బోర్డుంటుంది. డెబ్బై దాటినవాళ్ళకి గట్టు మీద వృద్ధుల గృహంలో చోటిస్తారు, వరుస నెంబరు ప్రకారం. ముసలివాళ్ళకే ఎందుకంటే వాళ్ళు పెరగరు, తరుగుతారు. వంతు వచ్చినవాళ్ళ నెంబరు ఆ బోర్డు మీద రాస్తారు. అత్త పదకొండేళ్ళ కిందటే, డెబ్బై నిండకముందే ముందుచూపుతో పేరు రాయించుకుంది. ఆమె నెంబరు 4,406. నేల మీద ఒక్క రాత్రి పడుకోవాలని ఆమె కోరిక. కదలని నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండు పక్కలకీ బార్లా చాపుకోవాలట. మా పడవలో చేతులు చాపితే ఎవరో ఒకరి ముక్కుకి తగులుతాయి.

డబ్బాలు అందుకుంటూ ఎప్పటిలాగే ఆటపట్టించాను. “ఏం అత్తా, గట్టుమీద మంచం దులిపి ఉంచారా నీకు?”

“ఇంకా మూడొందల పైనే ఉందే,” అంది. “నాకంటే ముందు ఆ గట్టే మునుగుద్ది.”

ఆ తర్వాత చాలాసేపు గవ్వ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పుండ్లకి పసుపు రాస్తూ కూర్చుంది. గవ్వ ఈసారి ఏడవలేదు. అత్త చెయ్యి నా చెయ్యికంటే మెత్తన.

షికారు 8,122వ రోజు

వినోదం: పెద్దల హాస్యం.

పొద్దున అంబలి తాగుతుంటే అత్త ఉన్నట్టుండి అంది: “నేనెల్తాను తాతబ్బాయి పడవలోకి.”

మాకు అర్థం కాలేదు.

“మంగాయమ్మ పేరు నేనెక్కుతాను. నా పేరు గవ్వ ఎక్కుద్ది. మీ పడవలో ముగ్గురు, ఆడి పడవలో ఇద్దరు. సెవి ఒచ్చినా, ముక్కు ఒచ్చినా సరిపోద్ది.”

కొండబాబు తాగుతున్నది మింగలేక దగ్గాడు. కాయితం ప్రకారం మంగాయమ్మ తాతబ్బాయి బావకి భార్య, నలభై తొమ్మిదేళ్ళు. అత్తకి డెబ్బై రెండు. పైగా అతను ఆమెని పిన్ని అని పిలుస్తాడు.

అటు నుంచి బావ అన్నీ వింటూనే ఉన్నాడు, నీళ్ళ మీద మాట దాగదు. “పిన్నీ! మా మంగాయమ్మ నన్ను తిట్టని రోజు లేదు. నీకు తిట్లొచ్చా?” అని కేకేశాడు.

“ఎర్రి ముండాకొడకా, అడుగున కారే పడవలో కూకుని నన్నడుగుతున్నావా?” అంది అత్త.

“సాలు సాలు, సరిపోయావు,” అన్నాడు బావ.

రేవులో చుట్టుపక్కల పడవలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, ఎందుకంటే గవ్వ నా దగ్గరే ఉంటుంది. అత్త కాళ్ళు పట్టుకున్నాను. “లేయే, నూనె పోతుంది,” అంది. ఆమె చేతిలో దీపం గిన్నె ఉంది. నా తల మీద చెయ్యి మాత్రం పెట్టలేదు. ఎందుకో ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

షికారు 8,127వ రోజు

వినోదం: బంధువులను సాగనంపుట.

అత్త వెళ్ళింది. ఒక దిండు, రెండు చీరలు, దగ్గు మందు. ముప్పై గజాలే కదా అని కొండబాబుతో నేనే అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

మనుషులు ముగ్గురే అయ్యేసరికి పడవ వెడల్పయినట్టుంది. గవ్వ అత్త చాప మీద పడుకుని చేతులు బార్లా చాపి చూసుకుంది. రెండు చేతులూ ఎవరికీ తగల్లేదు.

షికారు 8,130వ రోజు

వినోదం: పిల్లలతో ఆటలు. (తర్వాత కొట్టేసి, పెద్దలతో ఆటలు అని దిద్దాను. పత్రంలో పిల్లలు లేరు.)

మూడు రోజులుగా గవ్వకి పాఠం చెబుతున్నాం.

“నీ పేరేంటి?”

“పేరంటాలు.”

“ఎన్నేళ్ళు?”

“డెబ్బై రెండు.”

“ఈయనెవరు?”

“నా కొడుకు.” అని వాళ్ళ నాన్న బుగ్గ గిల్లింది. ఎక్కడో కూర్చుని ఇంజను తుడుచుకునే మనిషి, ఆ గిల్లుడికి మొహమంతా వెలిగింది.

నన్ను మాత్రం అమ్మా అనే అంటోంది. లాంచీవాళ్ళు చుట్టుపక్కల ఉన్నంతసేపూ అమ్మా అనకూడదని, కోడలా అనాలని పదేపదే చెప్పాను. ఒక్కసారి అమ్మా అంటే నిన్ను పట్టుకుపోతారని భయపెట్టాను కూడా. అప్పటికి దానికి ఆట రుచి తెలిసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, “కోడలా! మంచినీళ్ళు తే! ఏం సేత్తన్నావే అక్కడ?” అని అరిచింది. అచ్చం అత్తే. అటు పడవలో అత్త పడీ పడీ నవ్వి, దగ్గు ఆపుకోలేక కూలబడింది. “బాగా నేర్పావే. గట్టిగా నేర్పు. ఎక్కడా తడబడకూడదు,” అంది.

రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు తెచ్చిచ్చానో లెక్క లేదు. ప్రతిసారీ ‘తీసుకో అత్తా’ అనాలి, లేకపోతే తాగదు.

షికారు 8,134వ రోజు

వినోదం: అతిథుల రాక.

అన్నీ వరసలో రాస్తాను. రాయకపోతే రేపటికి నాకు నేనే వేరేలా చెప్పుకుంటాను.

లాంచీ తొమ్మిదింటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, పరాంకుశం అని చొక్కా మీద రాసుంది. యాభై ఉంటాయి. పడవ ప్రయాణం పడదేమో, ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాడు. గొడుగు కింద మేం ముగ్గురం కూర్చున్నాం. కానిస్టేబులు చెవిని పడవ గోడకి ఆనించాడు. ఎర్రటి అంకె వెలిగింది. మూడు.

నా ప్రాణం లేచి వచ్చింది.

పేర్లు పిలిచాడు. కొండబాబు పలికాడు. నేను పలికాను. గవ్వ లేచి నిలబడి, “పేరంటాలు. డెబ్బై రెండు,” అంది. ఎక్కడా తడబడలేదు.

ఇన్‌స్పెక్టరు దాన్ని కాసేపు చూశాడు. “మీ అత్తగారు వయసుకి తగ్గట్టు లేరమ్మా,” అన్నాడు.

“గాలి మార్పండి,” అన్నాను. “షికారులో ఉన్నాం గదండీ.”

అతను నవ్వలేదు. ఈ పుస్తకం అడిగాడు. మొదటి గీతలు చూడటానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, పుటకి రెండు సెకన్లు. అతను ఒక పుట దగ్గర ఆగిపోయాడు. అది ఏ పుటో నా వైపు నుంచి కనపడలేదు. అతని కళ్ళు కిందకి, కిందకి దిగడం కనపడింది. కడుపులో మంట అంతా తెచ్చి ఇందులోనే పోశానే, ఎవరు చూస్తారులే అని ఎంత పొగరు నాకు, అని తిట్టుకున్నాను. అతను పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. పత్రం మీద ‘సక్రమం’ అని ముద్ర వేశాడు.

తర్వాత సంచిలోంచి ఇంకో కాయితం తీశాడు.

“ఓలేటి పేరంటాలు. వరుస నెంబరు 4,406. గట్టు వంతు వచ్చింది. పదమూడు రోజుల కిందటే లాకు బోర్డు మీద పెట్టాం. ఒక సంచి సామాను తెచ్చుకోవచ్చు. ఈ లాంచీలోనే బయల్దేరాలి.”

నేను ఆ మాటలు విన్నాను గాని లోపలికి పోలేదు. పదమూడు రోజుల కిందట. మంచినీళ్ళ రోజు. రేవంతటికీ నెంబర్లు దిద్దే దాన్ని, చదవాల్సిన ఒక్క నెంబరు నేను వెళ్ళి చదవలేదు.

“రానంటే?” అని అడిగాడు కొండబాబు.

“రానంటే పేరు కొట్టేస్తాను. అప్పుడు పత్రంలో రెండు పేర్లుంటాయి, పడవలో మూడు గుండెలుంటాయి. మూడోది బార్జీకి వెళ్తుంది. వెనకాలే వస్తోంది అది.” చూపించాడు. నిజంగానే దూరంగా నల్లగా ఉంది.

“ఒత్తే?”

“వస్తే గృహంలో మంచం ఉంటుంది. మూడు పూటలా తిండి. గట్టు ఎక్కినవాళ్ళని ఇక దించరు. చూడటానికి మీరు రాకూడదు, విహార పడవలకి అక్కడ ఆగే అనుమతి లేదు.”

“బాబూ, ఇది...” అని మొదలుపెట్టాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

“నా కాయితంలో పేరుంది. చెవిలో గుండె ఉంది. వయసు కొలిచే పెట్టె మాకింకా రాలేదమ్మా. మీరేదైనా చెబితే నేను రాసుకోవాల్సి వస్తుంది. చెబుతారా?”

అతను జాలితో అన్నాడా, తన పని తొందరగా తెముల్చుకోవాలని అన్నాడా, ఇప్పటికీ నాకు తెలియదు.

పక్క పడవ వైపు చూశాను. అత్త మంగాయమ్మ చీర కొంగు తల మీదకి లాక్కుని నిలబడి ఉంది. పేరంటాలుని నేనే అని ఆమె ఒక్క కేక వేస్తే గవ్వ గట్టు ఎక్కదు. కానీ అప్పుడు రెండు పడవల పత్రాలూ పోతాయి, తాతబ్బాయి బావ రోడ్డున పడతాడు అనడానికి రోడ్డు కూడా లేదు, గవ్వ బార్జీకే పోతుంది. ఆమె కేక వేస్తుందని నేననుకోలేదు. ఆమె మొహంలో ఆశ్చర్యం ఉంటుందనుకున్నాను. లేదు. చెయ్యి ఎత్తి గట్టు వైపు చూపించింది, పంపు అన్నట్టు. అప్పుడు నాకు తెలిసింది, ఆమెకి ముందే తెలుసని.

గవ్వ ఇన్‌స్పెక్టరుని అడిగింది. “అక్కడ నేల ఉంటుందా?”

“ఉంటుంది.”

“పరిగెత్తొచ్చా?”

“పరిగెత్తొచ్చు.”

మా పడవ ఇరవై రెండడుగులు. గవ్వకి పరుగు అనే మాట తెలుసు, ఎప్పుడూ పరిగెత్తలేదు.

దాని రెండు గౌన్లూ, పసుపు డబ్బా సంచిలో పెట్టాను. పుండ్లకి రోజూ రాయమని ఎవరికి చెప్పాలో తెలియలేదు, అందుకని దానికే చెప్పాను. అది ఇదంతా ఆటలో భాగమే అనుకుంది, సాయంత్రానికి వచ్చేస్తుందనుకుంది. కొండబాబు ఎత్తి లాంచీలోకి అందించాడు. నేను దాని చెయ్యి పట్టుకునే ఉన్నాను. లాంచీ కదిలేదాకా వదల్లేదు. కదిలాక వదిలాను. ఎవరూ విడిపించలేదు, నేనే వదిలాను, ఇది రాసి పెట్టాలి.

అది వెనక్కి తిరిగింది. చుట్టూ లాంచీవాళ్ళున్నారు. నేర్పింది నేర్పినట్టు గుర్తు పెట్టుకుంది.

“కోడలా, ఎల్లొత్తానే!” అంది.

ఒక్కసారి అమ్మా అనమని అరవాలనిపించింది.

“ఎల్లి రా అత్తా,” అన్నాను.

షికారు 8,135వ రోజు

వినోదం: చిత్రలేఖనం.

పొద్దున్నే అత్త వాళ్ళ పడవ అంచుకి వచ్చి కూర్చుంది. నేను మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పావుగంట కూడా నిలవలేదు.

“మంగాయమ్మ పేరు మీద గవ్వనే బావ పడవకి పంపితే సరిపోయేది,” అన్నాను. “నువ్వు గట్టు ఎక్కేదానివి. పిల్ల నా కళ్ళ ముందుండేది.”

“ఉండేది. ఈ నీళ్ళ మీదే ఉండేది. నీలాగ, నాలాగ.”

“నాకెందుకు సెప్పలేదు?”

“పక్క పడవకే పంపనన్నదానివి. గట్టుకి పంపేదానివా?”

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. “పంపేదాన్ని కాదు,” అన్నాను.

“అందుకే సెప్పలేదు.”

“అంతా ముసలోళ్ళేనత్తా అక్కడ. దాంతో ఎవరు ఆడతారు?”

“ముసలోళ్ళకి వేరే పనేముందే? మనవలు లేక మొహం వాచిపోయి ఉంటారు. మంచం మీంచి దిగనివ్వరు దాన్ని.” అని దగ్గింది. దగ్గు ఆగాక కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ కొంగు మీద ఎర్రగా కనపడింది. నాకు కనపడనీయకుండా మడత పెట్టింది.

పదకొండేళ్ళు ఎదురుచూసిన నేల. కదలని నేల మీద ఒక్క రాత్రి. అది తీసి నా కూతురికి ఇచ్చేసి, కారే పడవలో వేరే దాని పేరుతో చావడానికి కూర్చుంది. అదంతా నాకు తెలుసు. తెలిసినా నాకు కోపం పోలేదు. నన్ను అడగకుండా నా బిడ్డని నా దగ్గర్నుంచి తీసింది. నేను బతికున్నంతకాలం ఆమెకి రుణపడి ఉంటాను, ఆమెని క్షమించను కూడా. రెండూ ఒకే పొట్టలో పడతాయని నిన్నటిదాకా నాకు తెలియదు.

“అంబలి పంపిత్తాను. తాగు,” అన్నాను చివరికి.

“ఉప్పు తగ్గించు,” అంది.

కొండబాబు రాత్రంతా ఇంజను తుడిచాడు. అది ఎంత తుడిచినా ఆగిపోయిన ఇంజనే, ఆరేళ్ళ నుంచి. నేను పక్కన కూర్చుంటే తల నా భుజానికి ఆనించాడు.

పత్రంలో మనుషుల సంఖ్య మారితే ఇరవై నాలుగు గంటల్లో పడవ పక్కన రాసిన అంకె మార్చుకోవాలి. అది నిబంధన. నేను రంగు డబ్బా, కుంచె, గరుకు కాయితం పట్టుకుని చిన్న తెప్పలో దిగాను. ‘మనుషులు: 3’ అని ఉంది. నేనే రాసింది, ఉప్పుకి తట్టుకోవాలని మూడు పూతలు వేసింది. గీకుతుంటే మొండిగా నిలబడింది. కింది పూత కిందా మూడే కనపడింది. అంతా చెక్క తేలేదాకా గీకాను. తెల్ల రంగు వేశాను. ఆరేదాకా కూర్చున్నాను. గట్టు ఉన్న వైపు ఒకసారి చూశాను. ఇక్కడి నుంచి అది ఒక గీత, అంతే. దాని మీద ఎవరైనా పరిగెత్తుతున్నారో లేదో తెలియదు.

తర్వాత కుంచె తీశాను. ఎడమచేత్తో మణికట్టు బిగించి పట్టుకున్నాను. అంకె వంకర పోతే పత్రానికి అభ్యంతరం రాస్తారు. అభ్యంతరం రాస్తే మళ్ళీ వస్తారు. వస్తే ఈ పడవలోంచి పోయిన మూడో మనిషి ఎవరు, ఎక్కడుంది, ఒకసారి చూద్దాం పదండి అంటారు. అలా ఎవరూ అనకూడదు. ఈ పడవ వైపు ఇంకెప్పటికీ ఎవరూ రెండోసారి చూడకూడదు.

నూట నలభై పడవలకి అంకెలు రాశాను, ఇరవై రెండేళ్ళు. ఇంత చక్కటి రెండు ఎప్పుడూ రాయలేదు.